పునీత డాన్ బోస్కో: పిల్లల దగ్గరికి నడిచి వెళ్ళిన గురువు

ప్రతి సంవత్సరం జనవరి 31వ తేదీన శ్రీసభ పునీత డాన్ బోస్కో పండుగ జరుపుకొంటుంది. మన మేత్రాసనాలలో ఆయన పేరు వినని కథోలికులు తక్కువ. ఆయన పేరిట బడులున్నాయి, చేతిపనులు నేర్పే శిక్షణాలయాలున్నాయి. నల్లని అంగీ, చిరునవ్వు, చుట్టూ పిల్లలు ఉన్న ఆ పటం మన ఇళ్ళలోనూ గుడులలోనూ చూస్తూనే ఉంటాం. అయితే ఆ పటంలోని పిల్లలు ఆయన చుట్టూ ఊరికే చేరలేదు. వాళ్ళను చేరదీయడానికి ఆయన ఎన్ని గడపలు తొక్కారో, ఎన్ని చోట్ల నుంచి ఖాళీ చేయవలసి వచ్చిందో చాలామందికి తెలియదు. ఆదివారం సత్యోపదేశానికి పిల్లలు రావడం లేదని బాధపడే విచారణ గురువులూ ఉపదేశులూ తల్లిదండ్రులూ ఒకసారి ఆయన జీవితాన్ని నెమ్మదిగా చదువుకోవాలి.

జాన్ బోస్కో 1815 ఆగస్టు 16న ఉత్తర ఇటలీలోని పియెద్మాంత్ ప్రాంతంలో, బెక్కి అనే చిన్న పల్లెలో పేద రైతు కుటుంబంలో పుట్టాడు. రెండేళ్ళయినా నిండకముందే, 1817 మే నెలలో తండ్రి ఫ్రాన్సిస్ చనిపోయాడు. అప్పటికి తల్లి మార్గరీత వయసు 29 ఏళ్ళు. సవతి కొడుకు ఆంటోనీ, తన కొడుకులు జోసెఫ్, జాన్, మంచం పట్టిన అత్తగారు - ఇంతమంది భారం ఆమె మీద పడింది. ఆమెకు చదవడం రాయడం రాదు. కాని జపాలన్నీ నోటికి వచ్చు. బిడ్డల్ని పొలం పనికి తీసుకువెళ్తూనే వాటిని నేర్పింది. మొదటి పాపసంకీర్తనానికి వాళ్ళను తానే సిద్ధం చేసింది. జాన్‌కు మొదటి ఉపదేశి అతని తల్లే.

తొమ్మిదేళ్ళ వయసులో జాన్‌కు ఒక కల వచ్చింది. ఇంటి దగ్గరి మైదానంలో చాలామంది కుర్రాళ్ళు ఆడుతూ, తిట్టుకుంటూ కనబడ్డారు. ఆ తిట్లు భరించలేక జాన్ వాళ్ళ మీదికి పిడికిళ్ళు బిగించి దూకాడు. అప్పుడు తేజోవంతుడైన ఒక పురుషుడు అతణ్ణి ఆపి, వీళ్ళను స్నేహితులుగా చేసుకోవడానికి దెబ్బలు పనికిరావనీ, సాధుస్వభావంతో ప్రేమతో మాత్రమే అది సాధ్యమనీ బోధించాడు. పక్కనే నిలిచిన ఒక స్త్రీ, ఈ పని ఎలా చేయాలో తాను నేర్పుతానని అభయమిచ్చింది. క్రూరమృగాలు గొర్రెపిల్లలుగా మారాయి. తెల్లవారి ఇంట్లో ఈ కల చెబితే తలా ఒక అర్థం చెప్పారు. తల్లి మాత్రం ఒకవేళ వీడు గురువు అవుతాడేమో అనుకొంది.

ఆ ఏళ్ళలోనే జాన్ తన మొదటి పరిచర్య ప్రారంభించాడని చెప్పాలి. సంతలలో గారడీవాళ్ళ విద్యలు చూసి, ఇంటికి వచ్చి పడుతూ లేస్తూ సాధన చేసేవాడు. తాడు మీద నడవడం, పిల్లిమొగ్గలు వేయడం, చేతి మాయలు చూపడం నేర్చాడు. పల్లెవాళ్ళు చూడడానికి వచ్చేవారు. అయితే ఆటకు ముందు జపమాల చెప్పించేవాడు, గుడిలో విన్న ప్రసంగాన్ని మళ్ళీ చెప్పేవాడు. జపానికి నిలవనివాళ్ళకు ఆట చూసే అవకాశం లేదు!

అదే వయసులో అతని మనసులో ఒక బాధ కూడా నాటుకొంది. దారిలో గురువులు ఎదురైతే జాన్ నమస్కరించేవాడు. వాళ్ళు మర్యాదగా ప్రతి నమస్కారం చేసి తమ దారిన పోయేవారు. ఒక్కరూ ఆగి పలకరించేవారు కారు. ఆ రోజుల్లో గురువులు పిల్లలకు అంత దూరంగా ఉండడమే గౌరవమనుకొనేవారు. తాను గురువునైతే అలా ఉండననీ, పిల్లల దగ్గరికి తానే వెళ్ళి మంచి మాట చెబుతాననీ జాన్ తల్లితో అనేవాడు. ఆయన తర్వాత చేసిన పనులన్నీ చిన్ననాటి ఈ ఒక్క మాట నుంచే మొలిచాయి.

చదువుకు దారి సులభంగా దొరకలేదు. పొలం పని ఉండగా పుస్తకాలెందుకని ఆంటోనీ గొడవపడేవాడు. ఇంట్లో శాంతి కోసం తల్లి, పన్నెండేళ్ళ జాన్‌ను పరాయి రైతు ఇంటికి పాలేరుగా పంపవలసి వచ్చింది. దాదాపు రెండేళ్ళు అక్కడే పని చేశాడు. 1829 నవంబరులో, ప్రసంగాలు విని తిరిగి వస్తున్న దారిలో, కలోస్సో అనే వృద్ధ గురువు అతణ్ణి పలకరించారు. ఆ రోజు విన్న ప్రసంగం గుర్తుందా అని అడిగితే జాన్ గడగడ ఒప్పజెప్పాడు. ఆయన ఆశ్చర్యపోయి లాటిన్ నేర్పడం మొదలుపెట్టారు. దారిలో ఆగి పలకరించిన గురువు ఒకరు చివరికి దొరికారు! కాని ఏడాదికే ఆయన కన్నుమూశారు. ఆ తర్వాత జాన్ కుట్టుపని నేర్చి, కియెరి పట్టణంలో కాఫీ అంగడిలో పనిచేసి చదువుకొన్నాడు. తోటి విద్యార్థులతో ఆనంద సంఘం అని ఒకటి స్థాపించాడు. క్రైస్తవునికి తగని మాట గాని పని గాని చేయకూడదు, తన బాధ్యత తాను నెరవేర్చాలి, సంతోషంగా ఉండాలి. నియమాలు అంతే. 1835లో గురువిద్యాలయంలో చేరి, 1841 జూన్ 5న తూరిన్ నగరంలో గురుపట్టాభిషేకం పొందారు. ఇటలీలో గురువులను డాన్ అని గౌరవంగా పిలుస్తారు. అలా జాన్ బోస్కో డాన్ బోస్కో అయ్యారు.

అప్పటి తూరిన్ వేగంగా పెరుగుతున్న నగరం. కట్టడపు పనుల కోసం, పొగగొట్టాలు శుభ్రం చేసే పని కోసం పల్లెల నుంచి కుర్రాళ్ళు గుంపులుగా వచ్చేవారు. వాళ్ళకు ఇల్లు లేదు, బడి లేదు, తమది ఏ విచారణో కూడా తెలియదు. పునీత జోసెఫ్ కఫాసో మార్గదర్శకత్వంలో డాన్ బోస్కో చెరసాలలు సందర్శించేవారు. అక్కడ పన్నెండు నుంచి పద్దెనిమిదేళ్ళలోపు పిల్లలు బందీలుగా ఉండడం చూసి చలించిపోయారు. విడుదలైనవాళ్ళు మళ్ళీ అక్కడికే తిరిగి వస్తున్నారు. బయట వాళ్ళను ఆప్యాయంగా చూసే మనిషి ఒకరుంటే వీళ్ళు ఇక్కడికి రారు కదా అని ఆయనకు తోచింది.

1841 డిసెంబరు 8, అమలోద్భవి మాత పండుగ. తూరిన్‌లోని పునీత ఫ్రాన్సిస్ అసిసి దేవాలయంలో డాన్ బోస్కో పూజావస్త్రాలు ధరిస్తున్నారు. చలికి తలదాచుకోవడానికి వచ్చిన ఒక కుర్రవాడు సాక్రిస్టి గదిలో ఒక మూల నిలబడి ఉన్నాడు. గుడి పనులు చూసే మనిషి వాణ్ణి పూజకు సహాయం చేయమన్నాడు. వాడికి రాదు. రానివాడివి లోపలికెందుకు వచ్చావని దుమ్ము దులిపే కర్రతో నాలుగు తగిలించి తరిమేశాడు. డాన్ బోస్కో అది చూసి, ఆ అబ్బాయి తన స్నేహితుడనీ, వెంటనే పిలుచుకు రావాలనీ గట్టిగా చెప్పారు. వాడు వణుకుతూ వచ్చాడు. పూజ అయ్యేదాకా ఉండమని బుజ్జగించి, తర్వాత మాట కలిపారు. పేరు బర్తొలోమియా గరెల్లి. వయసు పదహారు. తాపీ పని. తల్లీ తండ్రీ లేరు. చదవడం రాదు, రాయడం రాదు. ఇంకా ప్రథమ దివ్యసత్ప్రసాదం తీసుకోలేదు. తనకన్నా చిన్నవాళ్ళు ఎగతాళి చేస్తారని సత్యోపదేశానికి వెళ్ళడం మానేశాడు. పాడడం వచ్చా అంటే రాదన్నాడు. ఈల వేయడం వచ్చా అని అడిగితే వాడి ముఖంలో మొదటిసారి నవ్వు కనబడింది. ఆ నవ్వే తలుపు తెరిచింది. డాన్ బోస్కో ఒక మంగళవార్త జపం చెప్పి, సిలువ గుర్తుతో మొదటి పాఠం మొదలుపెట్టారు. మరుసటి ఆదివారం ఆ అబ్బాయి స్నేహితులను వెంటబెట్టుకొని వచ్చాడు.

ఒకే గుడిలో ఒకే ఉదయం జరిగిన సంగతి ఇది. గుడివాడే ఒకడు కర్ర పట్టుకొన్నాడు, గుడివాడే ఇంకొకరు పేరు అడిగారు. ఆ అబ్బాయికి శ్రీసభ అంటే ఏమిటో ఆ రెండింటిలో ఏది చివరిగా మిగిలిందో దాన్నిబట్టి తేలింది.

పిల్లలు పదులు దాటి వందలయ్యారు. వాళ్ళు చేరే ఈ ఆదివారపు కూటమికి ఒరటోరియో, అంటే జపం చేసే చోటు అని పేరు. కాని ఆ చోటే దొరకలేదు. 1844లో బరోలో ప్రభ్వి నడిపే ఆడపిల్లల ఆశ్రమంలో డాన్ బోస్కో గురువుగా పనిచేస్తూ, అక్కడే పిల్లలను కూర్చేవారు. అక్కడ ఆసుపత్రి తెరవగానే ఖాళీ చేయవలసి వచ్చింది. 1845లో ఒక స్మశానం పక్కనున్న చిన్న గుడికి వెళ్ళారు. అక్కడి గురువుగారి ఇల్లు చూసుకొనే ఆమె పిల్లల అల్లరికి మండిపడింది. ఒక్క ఆదివారంతో అక్కడ పని అయిపోయింది. తర్వాత పిండి మరల దగ్గరికి చేరారు. చుట్టుపక్కలవాళ్ళు ఫిర్యాదు చేశారు. మొరెత్తా అనే గురువుగారి ఇంట్లో గదులు తీసుకొంటే, తక్కిన అద్దెదారులు ఒప్పుకోలేదు. చివరికి ఒక పచ్చికబయలు అద్దెకు తీసుకొన్నారు. పిల్లల తొక్కిడికి గడ్డి వేళ్ళతో సహా చచ్చిపోతోందని ఆ సొంతదారులూ పొమ్మన్నారు.

ఇవన్నీ చాలవన్నట్టు నగర పాలకుడు కవూర్ ప్రభువు, ఇంతమంది కుర్రాళ్ళు పోగవడం అల్లర్లకు దారి తీస్తుందని అనుమానించి కాపలావాళ్ళను పంపాడు. తోటి గురువులు కొందరు డాన్ బోస్కోకు మతి చలించిందనుకొన్నారు. ఇద్దరు గురువులు ఆయనను నచ్చజెప్పి పిచ్చాసుపత్రికి చేర్చాలని బండి తెచ్చారు. ఆయన సంగతి కనిపెట్టి, మర్యాదగా వాళ్ళనే ముందు ఎక్కించి, తలుపు వేసి, బండి తోలమన్నారని ఇప్పటికీ నవ్వుతూ చెప్పుకొంటారు. నగరంలోని విచారణ గురువులు కొందరు ఇంకో ప్రశ్న వేశారు. ఈయన మా పిల్లలను మా విచారణల నుంచి తప్పిస్తున్నారు కదా అన్నారు. అది న్యాయమైన ప్రశ్నే. డాన్ బోస్కో కోపం తెచ్చుకోలేదు. వీళ్ళలో ఎక్కువమంది పరాయి ఊళ్ళ నుంచి వచ్చినవాళ్ళనీ, ఏ విచారణకూ వెళ్ళనివాళ్ళనీ వివరించారు. విచారణ గురువులు కలిసి ఆలోచించుకొని, ఆయన పని సాగనివ్వాలని నిర్ణయించారు. అగ్రపీఠాధిపతి ఫ్రాన్సోనీగారు మొదటి నుంచి ఆయనకు అండగా నిలిచారు. శ్రీసభ అనుమతి లేకుండా డాన్ బోస్కో ఒక్క అడుగూ వేయలేదు.

1846లో మట్టల ఆదివారం నాడు ఆ పచ్చికబయలులో ఆయన ఒంటరిగా నిలబడి కన్నీరు పెట్టుకొన్నారు. వచ్చే ఆదివారం పిల్లలను ఎక్కడికి రమ్మనాలో ఆయనకు తెలియదు. ఆ సాయంత్రమే ఒక వ్యక్తి వచ్చి, పినార్ది అనే ఆయన దగ్గర పాక ఉందని చెప్పాడు. డాన్ బోస్కో వెతికేది ఒరటోరియో అయితే, ఆయన ఏదో కార్ఖానా పెట్టుకోవడానికి చోటు వెతుకుతున్నారని, లబొరటోరియో అని పొరబడ్డాడు. పాక చూరు తలకు తగిలేంత ఎత్తులో ఉంది. నేల తవ్వి పల్లం చేసి ఇస్తానని పినార్ది ఒప్పుకొన్నాడు. ఏప్రిల్ 12న, క్రీస్తు పునరుత్థాన పండుగ నాడు, ఆ పాకలో మొదటి పూజ జరిగింది. వల్దొక్కో అనే ఆ చోటే సలేషియన్ సభకు పుట్టినిల్లు.

అక్కడ ఒక ఆదివారం ఎలా గడిచేదో ఆయనే తన జ్ఞాపకాలలో రాసి పెట్టారు. తెల్లవారగానే గుడి తలుపులు తెరిచేవారు. పూజవేళ వరకు పాపసంకీర్తనాలు వినేవారు. పూజలో సువిశేషం వివరించేవారు. తర్వాతి రోజుల్లో ప్రసంగానికి బదులు బైబులు చరిత్రను వరుసగా కథలా చెప్పడం మొదలుపెట్టారు. పూజ తర్వాత మధ్యాహ్నం దాకా చదువు. ఒంటి గంటకు ఆటలు. రెండున్నరకు సత్యోపదేశం, ఆ తర్వాత జపమాల, చిన్న ప్రసంగం, ఆశీర్వాదం. మళ్ళీ ఆటలు. ఆటల వేళ డాన్ బోస్కో గదిలోకి వెళ్ళి విశ్రాంతి తీసుకొనేవారు కారు. పిల్లల మధ్య తిరుగుతూ, ఒక్కొక్కరి చెవిలో ఒక్కొక్క మాట వేసేవారు. ఒకడికి మంచి పాపసంకీర్తనం చేయమని, ఇంకొకడికి వచ్చే ఆదివారం తప్పక రమ్మని. ఆట స్థలమే ఆయనకు ప్రసంగ వేదిక.

ఆ శ్రమకు 1846 జూలైలో ఆయన మరణశయ్య దాకా వెళ్ళారు. తాపీ పని చేసే పిల్లలు పగలంతా కూలి చేసి, రాత్రి గుడిలో మోకరించి ఆయన కోసం ప్రార్థించారు. ఆయన కోలుకొన్నారు. ఇక తన బ్రతుకంతా వాళ్ళదేనని నిశ్చయించుకొన్నారు. అప్పటికే బరోలో ప్రభ్వి ఆయన ఆరోగ్యం తలచి, తన ఆశ్రమమో ఈ పిల్లలో ఒకటే ఎంచుకోమంది. జీతం పోతుందని తెలిసీ ఆయన పిల్లల్నే ఎంచుకొన్నారు. నవంబరులో తల్లిని వెంటబెట్టుకొని కాలినడకన తూరిన్ తిరిగి వచ్చారు. 58 ఏళ్ళ మార్గరీతమ్మ తన పొలమూ ఇల్లూ మనుమలూ వదిలి, పెళ్ళినాటి వస్త్రాలను గుడి గుడ్డలుగా కుట్టింది, నగను అమ్మి ఖర్చులకిచ్చింది.

ఇల్లు లేని కొందరు కుర్రాళ్ళకు గడ్డి అటకలో పడుకోమని చోటిస్తే, తెల్లారేసరికి దుప్పట్లతో సహా మాయమయ్యారు. అయినా తల్లీకొడుకులు తలుపు మూయలేదు. 1847 మే నెలలో ఒక వానరాత్రి, తడిసి ముద్దయిన పదిహేనేళ్ళ అనాథ వచ్చి తలుపు తట్టాడు. మార్గరీతమ్మ వంటింట్లో ఇటుకల మీద పలకలు పరిచి పక్క వేసింది, పడుకొనే ముందు నాలుగు మంచి మాటలు చెప్పింది. సలేషియన్ల గృహాలలో రాత్రివేళ పిల్లలకు హితవు చెప్పే ఆచారం అప్పుడు పుట్టిందంటారు. ఆ తర్వాత వచ్చినవాళ్ళు పదులు, వందలు. ఒకరోజు ఆమె పెంచిన కూరగాయల మళ్ళను పిల్లలు యుద్ధం ఆటలో తొక్కి పాడుచేశారు. విసిగిపోయి ఊరికి వెళ్ళిపోతానంది. డాన్ బోస్కో ఏమీ అనకుండా గోడ మీది సిలువను చూపించారు. ఆమె కళ్ళు తుడుచుకొని పనిలో పడింది. 1856 నవంబరు 25న చనిపోయేదాకా అక్కడే ఉంది.

డాన్ బోస్కో ఒంటరిగా ఇదంతా చేయలేదు. 1848 ప్రాంతపు రాజకీయ కలహాలలో సహాయపడే గురువులు కొందరు దూరమయ్యారు. అప్పుడు ఆయన పిల్లలనే పిల్లలకు ఉపదేశులుగా తయారుచేశారు. కొంచెం పెద్దవాళ్ళను ఏరి, వాళ్ళకు చదువు చెప్పి, చిన్నవాళ్ళ గుంపులను అప్పగించారు. అలా వచ్చినవాడే మైకేల్ రువా. చిన్నప్పుడు వాడు చెయ్యి చాచితే డాన్ బోస్కో తన అరచేతిని సగానికి కోసి ఇస్తున్నట్టు సైగ చేసేవారు. అన్నీ సగం సగం పంచుకొందామని దాని భావం. ఆ కుర్రవాడే తర్వాత సభకు రెండవ అధిపతి అయ్యాడు. 1854లో వచ్చిన దోమినిక్ సావియో, పదిహేనేళ్ళు నిండకుండానే 1857 మార్చి 9న మరణించి, 1954లో పునీతుడయ్యాడు. 1854 కలరాలో ఇక్కడి కుర్రాళ్ళు రోగులకు సేవ చేశారు. 1859 డిసెంబరు 18న డాన్ బోస్కోతో కలిపి 18 మంది ఒక గదిలో చేరి సలేషియన్ సభను ప్రారంభించారు. వాళ్ళలో ఎక్కువమంది ఆ ఆటస్థలంలో పెరిగిన పిల్లలే.

పిల్లలకు కూడూ గుడ్డా చూడడంతో ఆయన ఆగలేదు. యజమానులు పిల్లలను బానిసల్లా వాడుకోకుండా, పనివేళలు, సెలవులు, జీతం రాయించి ఒప్పంద పత్రాల మీద తానే సంతకం చేశారు. 1853 నుంచి చెప్పులు, బట్టలు కుట్టే పనులతో మొదలుపెట్టి, సొంత శిక్షణాలయాలు తెరిచారు. 1877లో తన పద్ధతిని చిన్న వ్యాసంగా రాశారు. తప్పు చేశాక దండించడం కన్నా, తప్పు చేసే అవసరం రాకుండా పక్కన ఉండడం మేలు అన్నది దాని సారం. దానికి మూడు ఆధారాలు: వివేకం, మతం, ఆప్యాయత. వివేకమంటే పిల్లవాడికి కారణం చెప్పడం. వాడికీ బుద్ధి ఉందని గౌరవించడం.

ఇంత చేసిన మనిషికి ముసలితనంలో ఒక పెద్ద దిగులు పట్టుకొంది. 1884 మే 10న రోమా నగరం నుంచి ఆయన తన ఇంటివారికి ఒక ఉత్తరం రాశారు. కలలో చూసినట్టుగా వల్దొక్కో ఆటస్థలాన్ని రెండు విధాల వర్ణించారు. పాత రోజుల్లో గురువులు పిల్లల నడుమ ఉన్నారు, పరుగులున్నాయి, పాటలున్నాయి, నమ్మకముంది. ఇప్పటి రోజుల్లో గోడలకు ఆనుకొని దిగాలుగా నిలబడ్డ పిల్లలు, విడిగా కబుర్లు చెప్పుకొనే పెద్దలు. పిల్లలు పాపసంకీర్తనానికి మనసు విప్పి రావడం లేదు. బడి ఉంది, గుడి ఉంది, నియమావళి ఉంది. కాని మనుషులు వాళ్ళ మధ్య లేరు. పిల్లలను ప్రేమించడం చాలదు, తమను ప్రేమిస్తున్నారని వాళ్ళకు తెలియాలి అన్నదే ఆ ఉత్తరం సారాంశం. పిల్లలు ఇష్టపడేవాటిని పెద్దలు ఇష్టపడితే, పెద్దలు ఇష్టపడేవాటిని పిల్లలు ఇష్టపడడం నేర్చుకొంటారు. చిన్నప్పుడు దారిలో ఆగని గురువులను చూసి పడిన బాధ, అరవై ఏళ్ళ తర్వాత తన సొంత ఇంట్లోనే ఆయనకు ఎదురైంది.

1888 జనవరి 31 తెల్లవారుజామున డాన్ బోస్కో ప్రభువులో నిద్రించారు. 1934 ఏప్రిల్ 1న, పునరుత్థాన పండుగ నాడు, పదకొండవ పయస్ జగద్గురువులు ఆయనను పునీతుడిగా ప్రకటించారు. 1906లో సలేషియన్లు తంజావూరు వచ్చారు. మన విజయవాడలో రైల్వే స్టేషన్ల దగ్గర తిరిగే బాలల కోసం 1989లో నవజీవన్ బాలభవన్ మొదలుపెట్టిందీ వాళ్ళే.

ప్రియ పాఠకులారా, ఇది రాస్తూ నన్ను నేనూ ప్రశ్నించుకొంటున్నాను. ఆదివారం పూజ ముగిశాక నేను సంఘ పెద్దలతో గుడి లెక్కలు మాట్లాడుతూ నిలబడతాను. పిల్లలు అటు ఉపదేశిగారి దగ్గర జపాలు వల్లెవేస్తూ ఉంటారు. నాకు వాళ్ళలో ఎంతమంది పేర్లు తెలుసు? ప్రశ్నలు జవాబులు కంఠతా పట్టించడం మంచిదే. బహుమతులివ్వడమూ మంచిదే. కాని మెట్ల దగ్గర నిలబడి లోపలికి రావాలా వద్దా అని చూసే ఆ ఒక్క అబ్బాయి సంగతి ఏమిటి? వాడి దగ్గరికి కర్ర వెళ్తుందా, మనం వెళ్తామా? దీనికి పెద్ద భవనాలు అక్కరలేదు. పాక చాలని డాన్ బోస్కో నిరూపించారు. వచ్చే ఆదివారం లెక్కలు ఒక పావుగంట ఆగుతాయి. నేను మెట్ల దగ్గరికి వెళ్ళి వాడి పేరు అడుగుతాను. మీరూ మీ మీ గుడులలో అలా చేయండి.